బేరమాడి తెచ్చిన కత్తి

చెంచు బొమ్మ గీయమంటే మన పిల్లలు కూడా విల్లూ బాణమే గీస్తారు. సినిమాల్లో, గుడి గోడల మీద, పాఠ్యపుస్తకాల్లో వాళ్ళు చూసింది అదే. ఆ బొమ్మలో మొలకు కత్తి ఉండదు, ఉన్నా దాని మీదికి చూపు పోదు. రోజువారీ బతుకులో మాత్రం విల్లు కంటే కత్తికే పని ఎక్కువ. వెదురు నరకడానికి, నార చీల్చడానికి, గుడిసెకు వాసాలు కోయడానికి, గడ్డ తొక్క తీయడానికి, తేనెపట్టు విడదీయడానికి, వేట దొరికిన రోజున మాంసం పోగులు వేయడానికి కత్తే కావాలి. వేట లేని రోజు ఉంటుంది గాని కత్తి పని లేని రోజు ఉండదు.

ఈ రెండు వస్తువుల మధ్య ఇంకో తేడా ఉంది. విల్లు అడవిలోనే పుడుతుంది. వెదురు అడవిది, నార అడవిది, పనితనం మనది. కత్తి అలా కాదు. చెంచులకు కొలిమి లేదు. ఇనుము కాల్చి సాగదీసే పని కమ్మరిది, ఆ కమ్మరి మైదానపు ఊరివాడు. అంటే చెంచు మొలలో ఉన్న ప్రతి కత్తీ, బాణం కొసన ఉన్న ప్రతి ఇనుప అలుగూ ఏదో ఒక రోజు ఏదో ఒకటి ఇచ్చి తెచ్చుకున్నదే. ‘అడవిలో పుట్టి అడవిలోనే పెరిగి, బయటి లోకంతో సంబంధం లేకుండా బతికినవాళ్ళు’ అని మన గురించి రాసే మాట నిజం కాదని ఆ చిన్న కత్తే సాక్ష్యం చెబుతుంది. సంబంధం ఎప్పుడూ ఉంది. అది ఎలాంటి సంబంధం, ఆ బేరంలో మనవాళ్ళు తమను తాము ఎలా కాపాడుకున్నారు, తరువాత చట్టం ఆ కత్తికి ఏ పేరు పెట్టింది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

రాతి పలుకు నుంచి ఇనుము దాకా

పల్నాడులో పదునైన అంచు చరిత్ర చాలా పాతది. మాచర్లకు దగ్గరలో ఉన్న నాగార్జునకొండ లోయ సాగర్ జలాశయంలో మునగబోతుందని తెలిశాక, 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖ అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు చేసింది. అందరికీ గుర్తున్నది ఇక్ష్వాకుల కాలపు బౌద్ధ స్తూపాలు, విహారాలు. అదే లోయలో అంతకంటే ఎన్నో వేల ఏళ్ళ ముందరి రాతి పనిముట్లు కూడా దొరికాయి. చేతిలో పట్టే పెద్ద రాతి గొడ్డళ్ళ నుంచి గోరంత సైజు రాతి పలుకుల దాకా ఉన్నాయి. కొత్త రాతియుగపు నివాసాలు, ఇనుప యుగపు పెద్దరాతి సమాధులు కూడా ఆ లోయలోనే బయటపడ్డాయి.

ఆ చిన్న రాతి పలుకుల గురించి ఒక్క మాట. వాటిని వేళ్ళతో పట్టుకుని కోసేది తక్కువ. కర్రకో ఎముకకో గాడి తీసి, పలుకులను వరసగా పొదిగి, బంకతో బిగించేవారు. అంచు ఒక పదార్థం, పిడి మరొక పదార్థం, రెండూ కదలకుండా ఒకటి కావాలి. ఈనాడు అంగట్లో మడతపడని వేట కత్తి అని అమ్మే వస్తువు వెనక ఉన్న ఆలోచన అదే. ఆ లోయలో బతికినవాళ్ళు మన సూటి పూర్వీకులని చెప్పడానికి ఆధారం లేదు, ఆ గొప్ప మనకు అవసరమూ లేదు. ఇదే కృష్ణ ఒడ్డున, ఇవే కొండల్లో, మనుషులు తమ అంచును తామే తయారు చేసుకున్న కాలం ఒకటి ఉండేదని తెలిస్తే చాలు. రాయి ఎవరి చేతికైనా అందుతుంది. ఇనుము వచ్చాక ఆ పరిస్థితి మారింది. రాయిని ఏరుకోవచ్చు, ఇనుమును మాత్రం కరిగించే పని తెలిసినవాడి దగ్గర తెచ్చుకోవాలి.

తెలుగు నేల మీద ఆ పని తెలిసినవాళ్ళకు ప్రపంచంలోనే పేరుండేది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పారశీక వ్యాపారులు వచ్చేవారు. ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, బొగ్గుకు ఆధారమయ్యే పదార్థంతో కలిపి, మూతి బిగించి, గంటల తరబడి కాల్చి, నెమ్మదిగా చల్లార్చేవారు. హెన్రీ వాయ్సీ అనే ఆంగ్లేయుడు ఆ పద్ధతిని చూసి రాసిన వివరణ ఆయన చనిపోయాక 1832లో అచ్చయింది. పేరుపడ్డ డమాస్కస్ కత్తులకు ముడిసరుకు ఇలాంటి దక్షిణాది ఉక్కే. మన ‘ఉక్కు’ అన్న మాటే ఇంగ్లీషులోకి పోయి ‘ఊట్జ్’ అయిందని పండితులు చెబుతారు.

ఆ ఉక్కు రాజుల కత్తులకు పోయింది. అడవి అంచు ఊరి కమ్మరి కొలిమిలో సాగింది మామూలు ఇనుము. అందులోనూ మంచిది, చెడ్డది ఉంటుంది. చెంచు చేతికి ఏది వస్తుందన్నది కమ్మరి మంచితనం మీద కొంత, కొనేవాడి కంటి చూపు మీద కొంత ఆధారపడేది.

ఇచ్చి పుచ్చుకోవడంలో ఎవరి చేయి పైన?

కృష్ణకు అవతల అమ్రాబాద్ గుట్టల మీద ఉన్న చెంచుల మధ్య 1940లో క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త ఉండి పరిశీలించాడు. 1943లో వచ్చిన ఆయన పుస్తకం చెంచుల మీద రాసినవాటిలో ఇప్పటికీ ముఖ్యమైనది. అప్పుడు నదికి అటు నిజాం రాజ్యం, ఇటు పల్నాడు మద్రాసు రాష్ట్రం. ఏలిక వేరైనా కొండ ఒకటే, బంధుత్వాలూ ఒకటే. ఆయన చూసిన చెంచు ఇంట్లో సామాను చాలా తక్కువ. కొనకు ఇనుము తొడిగిన తవ్వుడు కర్ర, గొడ్డలి, కత్తి, విల్లు, బాణాలు, కొన్ని బుట్టలు, కుండలు. ఈ కొద్దిపాటి సామానులోనే ఇనుము ఎన్నిచోట్ల ఉందో చూడండి. తవ్వుడు కర్ర కొసన ఉంది, గొడ్డలిలో ఉంది, కత్తిలో ఉంది, బాణం అలుగులో ఉంది. బతుకు మొత్తం అరచేతిలో పట్టే ఇనుము మీద నిలబడింది. ఆ ఇనుము మైదానం నుంచే రావాలి.

దానికి బదులుగా అడవి ఇచ్చింది తేనె, మైనం, చింతపండు, కుంకుళ్ళు, బంక, ఇప్పపువ్వు, వెదురు. ఈ మారకం సమానమైనది కాదు. తేనె తూకం కొనేవాడి చేతిలో ఉంది, కత్తి వెల అమ్మేవాడి చేతిలో ఉంది. రెండు తక్కెడలూ అవతలివాడివే. లెక్క రాదు, చదువు లేదు, అప్పు మాత్రం పెరుగుతుంది. స్వాతంత్ర్యం వచ్చాక 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పాటు చేయడానికి కారణం ఈ దళారీ దోపిడీయే. అడవి ఫలసాయానికి సరైన ధర ఇవ్వడం, ఇంటికి కావలసిన సరుకులు అందించడం దాని పని అయింది.

ఇలాంటి బేరంలో చెంచుకు మిగిలిన ఒకే ఒక బలం వస్తువును ఎరిగి ఉండడం. వెల తగ్గించలేకపోవచ్చు, చెడ్డ కత్తిని మాత్రం వెనక్కి నెట్టగలడు. ఇది చిన్న బలం కాదు. వేల మైళ్ళ అవతల కెనడాలో ఇదే జరిగింది. 1670లో లండన్‌లో ఏర్పడ్డ హడ్సన్ బే కంపెనీ అక్కడి క్రీ వంటి ఆదివాసుల నుంచి బీవర్ తోళ్ళు తీసుకుని కత్తులు, గొడ్డళ్ళు, కెటిళ్ళు, తుపాకులు ఇచ్చేది. ఆదివాసులు ఏది ఇస్తే అది పట్టుకుపోయేవారని అనుకుంటాం. చలికి ఇనుము పెళుసై విరిగిపోతోందని, సరుకు బాగాలేదని వాళ్ళు ముఖం మీదే చెప్పేవారు. పక్క వ్యాపారి దగ్గరికి పోతామనేవారు. ఆ ఫిర్యాదులను కంపెనీ గుమాస్తాలు లండన్‌కు రాసుకోవలసి వచ్చింది, సరుకు మార్చవలసి వచ్చింది. అవి కంపెనీ కాగితాల్లో ఉన్నాయి కాబట్టి చరిత్రకారులకు దొరికాయి. మన వైపు కొలిమి దగ్గర జరిగిన బేరాలను రాసుకున్న గుమాస్తా లేడు. అందుకే మనకు కాగితం దొరకదు, పరీక్షించే పద్ధతులు మాత్రం చేతుల్లో మిగిలాయి.

కత్తిని ఎరగడం ఎలా?

ఈ పద్ధతులు చెంచులవి మాత్రమే అని చెప్పను. కత్తి మీద బతికే ఏ కులం వాళ్ళైనా, గీత కార్మికులైనా, గొర్రెల కాపరులైనా ఇలాగే చూస్తారు. ప్రతి పద్ధతి వెనకా ఒక కారణం ఉంది. సైన్సు టీచర్లు దీన్ని పాఠంగా చెప్పవచ్చు.

మొదటిది కంటి చూపు. కత్తిని కంటి ఎత్తుకు లేపి, వెన్ను వెంట మొన వైపు చూస్తారు. ఎర్రగా కాలిన అలుగును నీళ్ళలో ముంచినప్పుడు రెండు వైపులా ఒకే తీరున చల్లారకపోతే అది వంగుతుంది. కమ్మరి సుత్తితో కొట్టి సరిచేసినా చిన్న వంకర మిగులుతుంది. వంకర ఉన్న కత్తి వెదురులో దిగినప్పుడు పక్కకు జారుతుంది.

రెండోది మోత. పిడి వదులుగా పట్టుకుని, అలుగును గోటితోనో చిన్న రాయితోనో మీటితే సన్నటి గంట మోత రావాలి. లోపల కంటికి కనిపించని చీలిక ఉంటే మోత చచ్చిపోయి ‘టప్’మంటుంది. పగిలిన కుండను వేలితో కొట్టి చూసే పద్ధతే ఇది.

మూడోది గట్టిదనం. ఆకురాయిని వాదర మీద, అంటే పదునైన అంచు మీద మెల్లగా లాగితే కొద్దిగా పట్టి జారాలి. ఆకురాయి వెన్నలో దిగినట్టు దిగితే ఇనుము మెత్తన, నీరు పట్టలేదని అర్థం. ఇనుములో బొగ్గు పాళ్ళు ఎంత ఉన్నాయన్నదే ఇక్కడ అసలు సంగతి. ఇళ్ళ నిర్మాణానికి వాడే మామూలు కడ్డీలో అది నూటికి పావు భాగం దాకానే ఉంటుంది. దాన్ని ఎంత కాల్చి ముంచినా కత్తికి కావలసిన గట్టిదనం రాదు. లారీ కమాన్ పట్టీలో నూటికి 0.6 దగ్గర ఉంటుంది. అందుకే ఊరి కమ్మరి కమాన్ పట్టీ ముక్క దొరికితే దాచిపెట్టుకుంటాడు. దానితో చేసిన కత్తి నీరు పడుతుంది.

నాలుగోది నరికి చూడడం. ఎండు వెదురు కణుపు మీద రెండు మూడు దెబ్బలు వేసి వాదరను వెలుగుకు పట్టి చూస్తారు. అంచు మడతపడితే మెత్తన. పెచ్చు ఊడితే పెళుసు. రెండూ లేకుండా గీత గీసినట్టు ఉంటే ఆ కత్తి నిలుస్తుంది. కమ్మరి పనితనమంతా ఈ రెంటి మధ్యన ఉంది. ఎర్రగా కాల్చి ముంచినప్పుడు ఉక్కు గాజులా గట్టిపడుతుంది, గాజులాగే పగులుతుంది. అందుకే ముంచిన తరవాత మళ్ళీ తక్కువ సెగలో కాస్తారు. రుద్ది తెల్లగా చేసిన అలుగు మీద మొదట గడ్డి రంగు, తరవాత గోధుమ, ఊదా, నీలం వరసగా వస్తాయి. దాదాపు 200 నుంచి 300 డిగ్రీల వేడిలో వచ్చే మార్పు అది. కత్తికి గడ్డి రంగు దగ్గర ఆపుతారు. నీలం దాకా పోనిస్తే కమానులా సాగుతుంది గాని పదును నిలవదు. ఉష్ణమాపకం లేని కొలిమిలో రంగే ఉష్ణమాపకం.

ఐదోది పిడి. ఎక్కువ కత్తులు చెడేది అలుగు దగ్గర కాదు, పిడి దగ్గర. పిడిలోకి దిగిన ఇనుప తోక ఎంత పొడవుందో అడగాలి. పిడి చివరిదాకా దిగి, రెండు మూడు మేకులతో బిగిస్తే మంచిది. బొటనవేలంత తోక మాత్రమే దిగి, పైన పొన్ను వేసి మూసేస్తే అది నాలుగు రోజుల ముచ్చట. పిడి కర్ర గట్టిదై, పగలనిదై ఉండాలి. చెమట పట్టిన చేతిలో, తేనె అంటిన చేతిలో జారకూడదు. నునుపుగా మెరిసే పిడి అంగట్లో బాగుంటుంది, చెట్టు మీద ప్రాణం తీస్తుంది.

ఆ మాట ఊరికే అనలేదు. కొండ చరియకు వేలాడే పెద్ద తేనెపట్టును తాడు మీద దిగి కోస్తారు. పైన తాడు దగ్గర కాపలాకు చెంచులు బావమరిదిని ఉంచుతారు. అక్క పసుపు కుంకుమ కోసం వాడు తాడును కాచుకుంటాడని నమ్మకం. పైన తాడు, దాని పక్కనే మనుషుల చేతుల్లో కత్తులు, కింద లోయ. అలాంటి చోట పిడి ఊడే కత్తిని ఎవడైనా తెచ్చుకుంటాడా? వస్తువును ఎరగడం అంటే మన దగ్గర ప్రాణాన్ని ఎరగడమే.

పనిముట్టుకు ఆయుధమని పేరు

ఇప్పటిదాకా కత్తిని పనిముట్టుగా చూశాం. ప్రభుత్వం చూసిన చూపు వేరు.

1878లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చింది. అందులో ఆయుధాల జాబితా చదివితే తుపాకులు, ఫిరంగులు, కత్తులు, బాకులు, ఈటెలతో పాటు విల్లంబులు కూడా కనిపిస్తాయి. ఫిరంగినీ చెంచు వెదురు విల్లునూ ఒకే వాక్యంలో కూర్చోబెట్టిన నిర్వచనం అది. నాలుగేళ్ళకే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని రిజర్వు చేశారు. అందులో వేటాడడం, ఉచ్చులు పెట్టడం, చెట్టు నరకడం, పశువులను మేపడం అన్నీ ప్రభుత్వం అనుమతించినంత వరకే అయ్యాయి. తాతలనాటి అలవాటు నేరమయింది.

పల్నాడులో ఆ చట్టం రగిల్చిన మంట అందరికీ తెలుసు. అడవిలో పశువులను మేపడానికి పుల్లరి కట్టమన్నందుకు 1921లో ఊళ్ళు తిరగబడ్డాయి. మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో ప్రభుత్వ బలగాల కాల్పుల్లో ప్రాణం ఇచ్చాడు. పల్నాడు ఆయన్ని మరవలేదు, మరవకూడదు. పుల్లరి రైతు గుమ్మం దగ్గరికి వచ్చింది కాబట్టి దానికి తేదీ ఉంది, పేరు ఉంది. అదే చట్టం కింద చెంచు తన గూడెం వెనక గుట్టలో వెదురు నరికి పట్టుబడ్డ రోజుకు తేదీ లేదు. ఒక చట్టం రెండు చరిత్రలు చేసింది, ఒకటే అచ్చయింది.

స్వాతంత్ర్యం తరవాత 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. పాతదాని కంటే ఇది కొంత నయం. కేవలం ఇంటి పనికి, వ్యవసాయానికి తయారు చేసిన వస్తువులు ఆయుధాలు కావని అందులోనే రాశారు. ఆ చట్టం కింది నిబంధనల్లో కత్తికి కొలత పెట్టారు. అలుగు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉంటే ఆయుధాల వర్గంలో చేరుతుంది. ఇల్లు, వ్యవసాయం, శాస్త్రం, పరిశ్రమ పనులకు చేసినవాటికి మినహాయింపు ఉంది. ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చిన ప్రాంతాల్లో ఆ వర్గం కత్తికి లైసెన్సు కావాలి. ఆ మినహాయింపును మళ్ళీ ఒకసారి చదవండి. రైతు కొడవలి ఉంది, వంటింటి కత్తి ఉంది, ఫ్యాక్టరీ కత్తి ఉంది. అడవి ఫలసాయం ఏరుకునేవాడి కత్తి పేరు పెట్టి లేదు. మన పని పనిగా రాసేవాడి మనసులోకే రాలేదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో వేట దాదాపు పూర్తిగా ఆగిపోయింది. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఏర్పడింది. రాష్ట్ర విభజన తరవాత కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్ అయింది, ఇవతలి భాగం మన వైపు మిగిలింది. ఈ చట్టంలో ఆయుధం అన్న మాటకు ఇచ్చిన అర్థంలో తుపాకులు, విల్లంబులు, వలలు, ఉచ్చులు, విషంతో పాటు కత్తులు కూడా ఉన్నాయి. అభయారణ్యంలోకి ఆయుధంతో పోవాలంటే ముందుగా అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. అభయారణ్యంలో వేటాడితే కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఏడేళ్ళు జైలు.

2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం చారిత్రక అన్యాయం జరిగిందని తానే ఒప్పుకుంది. వెదురు, తేనె, మైనం, దుంపలు, మందు మొక్కలు వంటి ఫలసాయాన్ని సేకరించుకునే హక్కు, అమ్ముకునే హక్కు ఇచ్చింది. సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే వేటను మాత్రం స్పష్టంగా తీసేసింది.

ఈ రెండు చట్టాలను పక్కపక్కన పెట్టి చదివితే ఒక చిక్కు కనిపిస్తుంది. వెదురు కోసుకునే హక్కు ఉంది. కోసే కత్తి ఆయుధం. గడ్డ తవ్వుకోవచ్చు. తవ్వడానికి పోయేవాడి మొలలో ఉన్నది ఆయుధం. మనిషి హక్కుదారుగా గూడెం నుంచి బయలుదేరి, చెక్‌పోస్టు దగ్గరికి వచ్చేసరికి అనుమానితుడవుతాడు. అందుకే గ్రామసభ తీర్మానాల్లో ఏ ఫలసాయం అని రాయించడంతో ఆగకుండా, ఏ పనిముట్టుతో అన్నది కూడా రాయించుకోవడం మంచిది. కత్తి పేరు, కొలత, పని కాగితం మీద ఉంటే అధికారితో మాట్లాడడానికి ఒక ఆధారం ఉంటుంది.

‘వేట’ అన్న మాట బరువు

పల్నాడులో కత్తికి ఇంకో చరిత్ర కూడా ఉంది. కారంపూడిలో ఏటా కార్తీక మాసం చివర వీరుల ఉత్సవాలు జరుగుతాయి. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో పోరాడినవారి పేరున ఆయుధాలను తెచ్చి, నాగులేట స్నానం చేయించి పూజిస్తారు. ఇదే నేల మీద ‘వేటకొడవలి’ అన్న మాట పత్రికల్లో చదివితే మనకు వెంటనే గుర్తొచ్చేది గ్రామ కక్షలు. వేట అంటే అడవిలో జంతువును వెంటాడడం. ఊళ్ళో వేట అంటే జాతరకు కొట్టే పొట్టేలు. పత్రికలో వేటకొడవలి అంటే మనిషిని నరికిన ఆయుధం. ఒక మాట ఇన్ని మెట్లు దిగింది.

ఉత్సవంలో ఇనుము దైవం. కక్షలో అది బలం. చెంచు మొలలో అదే ఇనుము అనుమానం. వస్తువు ఒకటే, పట్టుకున్న చేతిని బట్టి దాని పేరు మారుతోంది. ఇది కుర్రాళ్ళు ఆలోచించవలసిన సంగతి.

ఇప్పుడు కొనేవారికి

ఈమధ్య మన పిల్లలు ఫోనులో ‘హంటింగ్ నైఫ్’ అని చూసి తెప్పించుకుంటున్నారు. నల్ల రంగు పూత, వెన్ను మీద రంపపు పళ్ళు, బోలు పిడిలో దిక్సూచి, కట్టడానికి రంగు తాడు. చూడడానికి సినిమా కత్తి. పెద్దల ఐదు పరీక్షలు దాని మీద పెట్టి చూడండి. నల్ల పూత వంకరను, చీలికను దాచేస్తుంది. రంపపు పళ్ళు కర్ర కోయవు, వెన్నును బలహీనం చేస్తాయి. బోలు పిడిలో తోక ఉండదు, గట్టి దెబ్బకు అక్కడే విరుగుతుంది. ‘స్టెయిన్‌లెస్’ అన్న మాట ఒక్కటే రాసి ఏ రకం ఉక్కో రాయకపోతే అది తుప్పు పట్టదనే చెబుతోంది, పదును నిలుస్తుందని చెప్పడం లేదు. స్టెయిన్‌లెస్ మంచిది కాదని కాదు. తేనె, చింతపండు పులుపు తగిలే పనికి అది నయమే. కమ్మరి చేసిన కత్తిని పని కాగానే కడిగి, తుడిచి, కాస్త నూనె రాయాలి. బదులుగా అది ఏటి రాయి మీద కూడా పదునెక్కుతుంది. అడవిలో ఆ గుణం విలువైనది.

ముందుగా వేసుకోవలసిన ప్రశ్న పని ఏమిటన్నది. గడ్డల తొక్క, నార, పట్టు పనికి నాలుగైదు అంగుళాల పలచని అలుగు చాలు. వెదురు నరకడానికి వెన్ను మందం, ముందు బరువు ఉన్న కత్తి కావాలి. ఒకే కత్తితో రెండూ చేయాలని చూస్తే రెండూ చెడతాయి. మొలకు కట్టుకునేదైతే మంచి ఒర ఉండాలి. జారి పడినప్పుడు కత్తి ఒరను చీల్చుకుని తొడలో దిగిన గాయాలు ఏ ఊళ్ళో అడిగినా చెబుతారు. కొలత 9 అంగుళాలు, వెడల్పు 2 అంగుళాలు దాటకుండా చూసుకోండి. కొన్నాక దాన్ని చేత్తో ఊపుతూ ఫోటో తీసి ఫోనులో పెట్టకండి. మన పెద్దలు నూరేళ్ళుగా ‘ఇది పనిముట్టు’ అని చెబుతూ వచ్చారు. ఒక్క ఫోటో అవతలివాడికి ‘ఆయుధం’ అని చెప్పేస్తుంది. వేట కాలం అయిపోయింది. చట్టం ఆపింది, జంతువులు కూడా తగ్గాయి. వేట పోయినా కత్తిని ఎరిగిన తెలివి పోనక్కర్లేదు. అది వేటతో మాత్రమే పుట్టింది కాదు.

వీలైతే ఫోను కంటే ముందు దగ్గరి కమ్మరిని అడగండి. కొలిమిలో నిప్పు ఉన్న కమ్మరులు ఇప్పుడు మన మండలాల్లో తక్కువ. చెంచుకు కత్తి ఇచ్చిన చేయి అది. ఆ చేయి కూడా మనలాగే చరిత్ర పుస్తకంలో లేదు. బేరంలో ఎప్పుడైనా మోసం జరిగి ఉండవచ్చు. అయినా ఆ ఇద్దరూ కూర్చుని ఇనుము గురించి మాట్లాడుకున్న భాష ఒకటే.

టీచర్లకు ఒక పని చెబుతాను. పిల్లలను ఇంట్లో ఉన్న పాత ఇనుము ఒకటి చూసి రమ్మనండి. కత్తి, గొడ్డలి, తవ్వుకోల, బాణపు అలుగు, ఏదైనా సరే. దాన్ని బడికి తేనక్కర్లేదు, కాగితం మీద అసలు కొలతతో బొమ్మ గీసి తెస్తే చాలు. బొమ్మ కింద నాలుగు మాటలు రాయించండి: దీన్ని ఏమంటారు, ఎవరు చేశారు, దేనికి మారుగా ఇచ్చారు, దీనితో ఏమేం కోశారు. పేర్లు ఒక్కో గూడెంలో ఒక్కోలా వస్తాయి. వచ్చినవి వచ్చినట్టే రాయించండి, పుస్తకంలో ఉన్న పేరుకు మార్చకండి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబులను వరసగా ఒకచోట రాస్తే, ఒక కత్తికి ఎన్ని శేర్ల తేనె పోయిందో, ఎన్ని రోజుల కూలి పోయిందో తెలుస్తుంది. ఆ లెక్క ఏ ప్రభుత్వ దస్త్రంలోనూ లేదు. తాతలకూ అవ్వలకూ గుర్తున్నంత కాలమే అది దొరుకుతుంది.